పదకొండు పాటల తాళం

పొద్దు 3874

పొద్దున్నే డిష్ మీది దుమ్ము దులిపాను. ఎర్రగట్టులో దుమ్ము దులపడమంటే ఇల్లు ఊడ్చుకోవడం కాదు. గాలి సిలిండరు వీపున వేసుకుని, నిచ్చెనెక్కి, గంటన్నర సేపు చేయాల్సిన పని. పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఒక్కసారి కూడా జారలేదు.

ఇవాళ ఆర్డర్ల రోజు. ఈ మంచు గనిలో ఉన్న నూట నలభై మూడు మందికి పాటలు, సినిమాలు, పిల్లల పాఠాలు తెప్పించేది నేను. ఎవరికి ఏం కావాలో రాసుకుని భూమికి పంపుతాను. కొనేది మందమర్రిలో ఆన్‌లైన్ సెంటర్ నడిపే శోభక్క. అంగారకుడి మీది నుంచి మేం నేరుగా కొనలేం. పాటలపేట స్టోరు పంపే ఓటీపీ పది నిమిషాలకే చెల్లిపోతుంది. అది ఇక్కడికి చేరడానికే ఇప్పుడు ఇరవై ఒక్క నిమిషం పడుతోంది.

మధ్యాహ్నం శోభక్క గొంతు వచ్చింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం మా ఇంటి మనిషిదే అనిపిస్తుంది.

"సుగుణా, ఒక చెడ్డ ముచ్చట. పాటలపేట మూసేస్తున్నరట. వచ్చే నెల పదో తారీఖు ఆఖరు. కొన్నయన్నీ ఆలోపల తాళం లేని కాపీలు దింపుకోమంటున్నరు. దింపుకోకుంటే ఇంక అవి తెరుచుకోవట."

మేం కొన్న ప్రతి పాటకూ ఒక తాళం ఉంటుంది. రెండు నెలలకోసారి అది స్టోరును అడుగుతుంది, వీళ్లు నిజంగా కొన్నవాళ్లేనా అని. స్టోరు అవునంటే పాట మోగుతుంది. స్టోరే లేకపోతే జవాబు చెప్పేవాళ్లుండరు.

క్యాలెండరు చూశాను. ఇంకో ఇరవై అయిదు పొద్దులకు, అంటే ఇక్కడి రోజులకు, సూర్యుడు భూమికీ మాకూ మధ్యకు వస్తాడు. అప్పుడు పదిహేను రోజుల పాటు లింకు ఉండదు. పాటలపేట మూతపడేది సరిగ్గా ఆ పదిహేను రోజుల్లో. కాబట్టి నాకున్నవి ఇరవై అయిదు పొద్దులే.

చాలు. ఇంతకన్నా ఇరుకైన పనులు చేశాను.

పొద్దు 3876

మెస్సులో అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. మొత్తం ఆరువేల రెండువందల పద్నాలుగు పాటలు. లింకులో మా వంతుకు వచ్చే జాగాలో ఇరవై అయిదు పొద్దులు దింపినా మూడో వంతు రాదు. సినిమాల సంగతి అడగనే వద్దన్నాను.

గొడవ మొదలైంది. పిల్లల పాఠాలు ముందంటారు కొందరు. సినిమా లేకపోతే సెలవు రోజు ఎట్లా గడుస్తుందంటారు ఇంకొందరు. పంపుల దగ్గర పనిచేసే అన్నదమ్ములిద్దరు ఒకే పాట కోసం కొట్లాడుకున్నారు, ఇద్దరికీ అదే కావాలని తెలియక. చివరికి మనిషికి ఇరవై పాటల చొప్పున జాబితా ఇమ్మన్నాను.

మెస్సు నడిపే చుక్కమ్మ పెద్దమ్మ గిన్నెలు సర్దుకుంటూ విన్నది. ఆమె ఈ పదకొండేళ్లలో నా దగ్గర ఒక్క పాట కూడా కొనలేదు. "నీ జాబితా ఏది పెద్దమ్మా?" అంటే, "నాకేం వద్దు, నా ఇరవై ఎవరికన్న ఇయ్యి" అంది.

డ్రిల్లు మీద పనిచేసే ఓదెలన్న జాబితాలో ఒక్కటే ఉంది. 'బాయి దోవ'. పదకొండు పాటల ఆల్బమ్. బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసే మొగుళ్లకు సద్ది మోసుకెళ్లే ఆడవాళ్ల పాటలు. పాడింది రాజనర్సు బృందం అని ఉంది.

"ఇంకో తొమ్మిది రాసుకో అన్నా" అన్నాను.

"నాకు గివే చాలు చెల్లె. మా నాయిన శ్రీరాంపూర్ల బాయి దిగిండు. మా అమ్మ గిట్లనే సద్ది పట్కపోయేది. డ్రిల్లు పట్టుకున్నంతసేపు నాకు చెవుల గిదే ఉండాలె."

ఆ మాట నిజమే. అన్నం లైనులో నిలబడి కూడా అతను ఆ పాటలే కూనిరాగం తీస్తాడు. మా అందరికీ సగం సగం వచ్చేశాయి.

పొద్దు 3879

మూడు పొద్దులుగా దింపుతున్నాను. నూట తొంభై పాటలు వచ్చాయి. ఈ వేగంతో పోతే మనిషికి ఇరవై కూడా అందవు.

ఫిల్టరు మారుస్తుంటే ఆలోచన తట్టింది. పాటలన్నీ ఇక్కడే ఉన్నాయి కదా. పదకొండేళ్ల క్రితం దింపినవి కూడా మా స్టోరేజీలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. లేనిది తాళం తీసే చెవి మాత్రమే. పాటతో పోలిస్తే ఆ చెవి నలుసంత. మొత్తం ఆరువేల చెవులూ కలిపినా ఒక ఫొటో అంత కూడా ఉండవు. పాటలు పంపొద్దు, చెవులు పంపండి అని అడిగితే సరిపోతుంది.

ఈ ఆలోచన మొదటి రోజే రానందుకు నా మీద నాకు కొంచెం కోపం వచ్చింది. శోభక్కకు రాసి పంపాను.

పొద్దు 3883

పాటలపేట నుంచి మూడుసార్లు ఒకే జవాబు వచ్చింది. 'మీ ప్రశ్నకు ధన్యవాదాలు, దయచేసి డౌన్‌లోడ్ చేసుకోండి.' రాసింది మనిషి కాదు. శోభక్కకు తిక్క లేచింది. సెంటర్‌కు తాళం వేసి, తెల్లవారుజాము బస్సెక్కి హైదరాబాద్ పోయింది.

"ఆరంతస్తుల బిల్డింగ్ సుగుణా. ఐదు అంతస్తులు ఖాళీ. కుర్చీలు గూడ అమ్ముకున్నరు. పైన ఒక్క పిలగాడు కూసున్నడు, ఇర్ఫాన్ అని. ఇంజనీరట. సర్వర్లు బంద్ చేసేటందుకు ఆయన్నొక్కన్నే ఉంచిన్రట. నేను పోయి ముందల కూసున్న. మావోళ్లు అంగారకుని మీద ఉన్నరు బాబూ, నువ్వు తాళపుచెవులిస్తెనే నేను లేస్త అన్న. నవ్విండు. పదకొండేండ్ల సంది మా కస్టమర్లు గంత దూరంల ఉన్నరని మాకే తెల్వదు మేడమ్ అన్నడు."

హక్కుదారులు ఒప్పుకున్న పాటలకు చెవులు ఇవ్వొచ్చునట. పెద్ద కంపెనీలన్నీ ముందే ఒప్పుకున్నాయట. రెండు రోజుల్లో పంపుతానన్నాడు.

పొద్దు 3885

చెవుల ఫైలు వచ్చింది. నాలుగు నిమిషాల్లో దిగింది.

మెస్సులో స్పీకరు పెట్టి అందరి ముందే పరీక్షించాను. స్టోరుతో లింకు తెంపేసి, గడియారాన్ని ఆరు నెలలు ముందుకు తిప్పి, ఒక్కొక్కటే నొక్కాను. పాట మోగింది. ఇంకోటి మోగింది. సినిమాలు కూడా తెరుచుకున్నాయి. పంపుల అన్నదమ్ములు తమ పాట పెట్టించుకుని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని విన్నారు. మేనేజరు రాజారత్నం సార్ నాతో చెయ్యి కలిపారు. నేను మొహమాటపడలేదు. పని బాగా చేశాను.

సాయంత్రం మొత్తం జాబితా సరిచూశాను. ఆరువేల రెండువందల మూడు తెరుచుకున్నాయి. పదకొండు తెరుచుకోలేదు.

ఏవో చెప్పనక్కర్లేదు. ఓదెలన్న ట్యాబు పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నాయి మాత్రం రాలె చెల్లె."

ఇర్ఫాన్ పంపిన నోటు చదివి వినిపించాను. ఆ ఆల్బమ్‌ను ఆరేళ్ల క్రితమే హక్కుదారు అమ్మకం నుంచి తీయించేశారు. అప్పటికే కొన్నవాళ్ల దగ్గర మాత్రం మోగుతోంది. హక్కుదారు ఒప్పుకోకుండా చెవి ఇవ్వడం కుదరదు.

"అంటే ఇంక పోయినట్టేనా?"

"పోలేదన్నా. ఒప్పుకోవాల్సిన మనిషి ఎవరో తెలియాలి, అంతే. శోభక్క వెతుకుతుంది."

"ఎవరున్నా నా దండం చెప్పమను" అని వెళ్లిపోయాడు.

పొద్దు 3889

రాజనర్సును శోభక్క బెల్లంపల్లిలో పట్టుకుంది. ముసలివాడయ్యాడు. ఆ ఆల్బమ్ మాటెత్తగానే మొహం పక్కకు తిప్పుకున్నాడట. 'అది నా చేతుల లేదు. కోర్టు ఆమెకే ఇచ్చింది' అన్నాడట. ఎవరామె అంటే చెప్పలేదు. శోభక్క కోర్టు కాగితాల నకలు తీయించింది.

మధ్యాహ్నం ఆమె సందేశం వచ్చింది.

"సుగుణా. కాగితంల పేరు గోదారి చుక్కమ్మ. పని వంట. చిరునామా కాడ ఎర్రగట్టు మంచు గని అని ఉన్నది. నేను మూడుసార్లు సదివిన. ఆమె మీ తాన్నే ఉన్నది."

హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి, మెస్సుకు నడిచాను.

ఆమె గోంగూర ఆకు తెంపుతోంది. గాజుగదిలో పండిన గోంగూర, కాడలు సన్నగా ఉంటాయి. నేను ఎదురుగా కూర్చుని నాలుగు కాడలు తీసుకుని తెంపడం మొదలుపెట్టాను.

"బాయి దోవ పాడింది నువ్వేనట కదా పెద్దమ్మా."

ఆమె చేతులు ఆగలేదు.

"ఎవరు చెప్పిన్రు?"

"కోర్టు కాగితాలు."

చేతిలోని కట్ట పూర్తిచేసి, ఇంకోటి ముందుకు లాక్కుంది. తర్వాత ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. పదకొండు పాటలు. ఎనిమిది మా అమ్మ పాడంగ ఇన్నయి, మూడు నేను కట్టుకున్నయి. రాజనర్సు వచ్చి రికార్డు చేద్దమన్నడు. ఒక్క దినంల పాడిపిచ్చిండు. ఒక్క దినం కూలి ఇచ్చిండు. అండ్ల ఆయన గొంతెక్కడుందో తెల్సా? నా ఎనుక ఓహో అంటడు, గంతే. అట్ట మీద మాత్రం ఆయన పేరు, ఆయన ఫొటో. నేను పన్నెండేండ్లు కోర్టు సుట్టు తిరిగిన. గెలిసిన, తీర్పు నేనీడికి వచ్చినంక వచ్చింది. పేరు మార్చమని స్టోరోళ్లకు రాసిన. ఒకటి గాదు, ఏడు ఉత్తరాలు. జవాబు లేదు. తీసేయమని రాసిన. తెల్లారేసరికి తీసేసిన్రు. పేరు పెట్టుడు కష్టంగని తీసేసుడు కష్టం గాదు వాళ్లకు."

"ఓదెలన్న రోజూ నీ ముందే పాడతాడు కదా."

"పాడ్తడు. పల్లెం పట్టుకొని పాడ్తడు. నేను కూరేస్త."

ఒప్పుకుంటావా అని అడిగాను. ఒప్పుకోనంది. ఆ పేరుతో ఆ పాటలు ఎప్పటికీ తెరుచుకుని ఉండటం కంటే మూతపడటమే నయమంది. కోపంగా చెప్పలేదు. ఎప్పుడో తీర్మానించుకున్న మాట చెప్పినట్టు చెప్పింది.

లేచి గుమ్మం దాకా వచ్చాక అడిగాను.

"పేరు మారిస్తే?"

ఆమె మొదటిసారి ఆకు వదిలేసి నా వైపు చూసింది.

"మూసేసే దుకాణంల పేరెవరు మారుస్తరు?"

"మారిస్తే ఇస్తావా ఇవ్వవా, అది చెప్పు."

"ఇస్త."

పొద్దు 3890

ఓదెలన్నకు నేనే చెప్పాను. దాచడం నా పని కాదు. అతను షిఫ్టు దిగి స్నానం కూడా చేయకుండా నేరుగా మెస్సుకొచ్చాడు. పల్లెం తీసుకోలేదు. లైను పక్కన నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"అక్కా, ఇన్నేండ్లు నువ్వేనని నాకు తెల్వదు. తెలిస్తె నీ ముందల పాడకపోదును."

చుక్కమ్మ గరిటె పక్కన పెట్టింది.

"పాడినందుకేం లేదు తమ్మీ. మూడో పాటల నువ్వు మొగిలిపూలు అంటవు. అవి మోదుగుపూలు. తొమ్మిదేండ్ల సంది చెప్తామనుకుంటున్న."

లైనులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఓదెలన్న కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆమె అతనికి పల్లెంలో అన్నం పెట్టి ఇచ్చింది.

పొద్దు 3893

ఇర్ఫాన్ జవాబు. క్యాటలాగులో పేర్లు మార్చే అధికారం ఒక కమిటీకి ఉండేదట. ఆ కమిటీ వాళ్లంతా ఉద్యోగాలు వదిలి వెళ్లిపోయారట. కానీ సర్వర్లు మూసే మనిషిగా అన్ని గదుల చెవులూ తన దగ్గరే ఉన్నాయట. హక్కుదారు సంతకం, కోర్టు తీర్పు ఉంటే తాను చేస్తానన్నాడు. 'ఈ కంపెనీలో నేను చేసే ఆఖరి పని ఇదే అయితే మంచిదే' అని రాశాడు.

సంతకానికి మళ్లీ అదే పది నిమిషాల ఓటీపీ. అందుకని చుక్కమ్మ తన తరఫున సంతకం చేసే అధికారం శోభక్కకు ఇస్తున్నట్టు వీడియో తీశాం. రాసిచ్చిన కాగితం ఆమె పట్టుకోలేదు.

"నేను గోదారి చుక్కమ్మ. బాయి దోవ పాటలు పాడింది నేను. కట్టింది నేనూ మా అమ్మ ఎంకటమ్మ. నా బదులు శోభారాణి సంతకం చేస్తది."

ఒక్కసారికే సరిగ్గా వచ్చింది. సాక్షిగా రాజారత్నం సార్ పక్కన నిలబడ్డారు.

పొద్దు 3896

సూర్యుడు దగ్గరపడుతున్నాడు. లింకులో గరగర ఎక్కువైంది. పంపిన మాటల్లో సగం రెండోసారి పంపాల్సి వస్తోంది.

పేరు మారింది. శోభక్క తెర ఫొటో పంపింది. కానీ ఒక చిక్కు వచ్చింది. పేరు మారడంతో స్టోరు లెక్కలో అది కొత్త ఆల్బమ్ అయింది. మా దగ్గరున్న పాత ఫైళ్లకు దాని చెవి పట్టదు. కొత్తగా కొనాలి, పదకొండు పాటలూ తాళం లేని కాపీలుగా కొత్తగా దింపాలి. మామూలు రోజుల్లో ఇది ఒక పూట పని. ఇప్పుడు మా వంతులో పొద్దుకు నాలుగు పాటలు దిగితే గొప్ప. మిగిలినవి మూడు పొద్దులు. ఆర్డరు భూమికి చేరి, కొని, పంపేసరికి రెండే మిగులుతాయి.

గని వంతు లింకు కూడా అడగడానికి రాజారత్నం సార్ దగ్గరికి వెళ్లాను. చివరి రెండు పొద్దుల లింకు గని లెక్కలకు కావాలన్నారు. మంచు నమూనాల వివరాలు వెళ్లాలట.

"సార్, మంచు కోట్ల ఏళ్లుగా ఉంది. పదిహేను రోజులాగినా ఉంటుంది. స్టోరు ఉండదు."

ఆయన కాగితాలు చూసుకున్నారు. మెస్సులో నేను పరీక్ష చేసిన రోజు ఆయన కూడా రెండు పాటలు పెట్టించుకున్నారు, అది నేను గుర్తు చేయలేదు. ఆఖరి పొద్దు పొద్దుటి పూట మొత్తం నాకిచ్చారు.

ఇక ఆర్డరు. ఎవరి పేరు మీద పంపాలి? ఓదెలన్న గదిలోనే ఉన్నాడు. "నా పేరు రాయి చెల్లె" అన్నాడు. రాయబోతుంటే చుక్కమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. నా గదిలోకి ఆమె రావడం అదే మొదలు.

"ముందుగాల నాది రాయి. ఎట్ల కొంటరో నాకు తెల్వదు. చెప్పు."

"కొనేవాళ్ల పేరు చెప్పాలి పెద్దమ్మా."

"గోదారి చుక్కమ్మ."

"ఏం కావాలి?"

"బాయి దోవ."

"పాడింది ఎవరని రాయాలి. అదే పేరుతో వేరేవి ఉంటే కలిసిపోకుండా."

ఆమె నా భుజం మీదుగా వంగి తెర చూసింది. తన పేరు రెండోసారి నేను టైపు చేస్తుంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆమె తర్వాత ఓదెలన్న పేరు రాశాను.

పొద్దు 3899

నిన్న మూడు పాటలు దిగాయి. ఇవాళ తెల్లవారగానే మొదలుపెట్టాను. నాలుగు, అయిదు, ఆరు. ఏడోది రెండుసార్లు తెగింది. నేను కంగారుపడలేదు, తెగినచోటి నుంచి అడిగాను. వేగం తగ్గించి, ఒక్కో ముక్కనూ రెండేసిసార్లు పంపమని శోభక్కకు ముందే చెప్పి ఉంచాను. అందుకే నిలబడింది. ఎనిమిది, తొమ్మిది, పది.

పదకొండోది వచ్చేటప్పటికి తెర మీద గీతలన్నీ గడ్డిపోచల్లా వణుకుతున్నాయి. మధ్యాహ్నం పన్నెండుకు ఆరు నిమిషాల ముందు అదీ పూర్తయింది. సరిచూశాను. ఒక్క ముక్క కూడా తక్కువ లేదు.

శోభక్కకు 'పదకొండూ వచ్చాయి' అని పంపాను. చేరిందో లేదో తెలియదు. దాని తర్వాత అటు నుంచి గరగర తప్ప ఏం రాలేదు. పదిహేను రోజులు ఇంతే.

మెస్సులో స్పీకరు మీద పెడదామన్నాను. చుక్కమ్మ వద్దంది. ముందు తానొక్కతే వినాలంది. నా కుర్చీ ఇచ్చి, హెడ్‌ఫోను పెట్టి, మొదటి పాట నొక్కి, నేనూ ఓదెలన్నా బయట నిలబడ్డాం. అద్దంలోంచి ఆమె వీపు కనిపిస్తోంది. ఆమె కదల్లేదు. తల ఊపలేదు. పాట అయిపోయాక హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"ఎట్లున్నదక్కా?" అన్నాడు ఓదెలన్న.

"గొంతు బాగనే ఉండె" అంది చుక్కమ్మ. "పొయ్యి మీద పప్పున్నది. మిగిలినయి తిన్నంక అందరం ఇందం."